మాటిచ్చిన జాగా, చేతిలో ఉన్న జాగా

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో లేత్‌లు, ప్రెస్సులు నడిపే చిన్న పరిశ్రమ ఏదైనా తీసుకోండి. షాప్‌ఫ్లోర్‌లో ఎన్ని యంత్రాలున్నా, తయారైన సరుకు గేటు దాటాలంటే అకౌంట్స్ గది పక్కన ఏసీ పెట్టిన చిన్న గదిలోని సర్వర్ నడుస్తూ ఉండాలి. పెట్టె ఒకటే గాని దాని లోపల నాలుగైదు కంప్యూటర్లు కాపురం చేస్తుంటాయి. ఒకదానిలో ఈఆర్‌పీ, ఒకదానిలో ట్యాలీ, ఒకదానిలో డ్రాయింగులు, మరొకదానిలో హాజరు లెక్కలు, ఇంకొకదానిలో నాణ్యత పరీక్షల రికార్డులు. వీటినే వర్చువల్ మిషన్లు అంటున్నాం. ఒక్కొక్కదానికీ ఇంత డిస్కు అని రాసి ఇస్తారు. రాసి ఇచ్చినవన్నీ కూడితే ఆరు టీబీ అవుతుందనుకుందాం. పెట్టె తెరిచి చూస్తే ఉన్నది నాలుగు టీబీలే. ఆ తేడా పొరపాటున వచ్చింది కాదు, తెలిసి చేసిన ఏర్పాటే. దాని పేరు థిన్ ప్రొవిజనింగ్. జాగాను ముందుగా కొలిచి పక్కన పెట్టకుండా, ఎవరు రాసుకునే కొద్దీ వాళ్ళకు ఉమ్మడి కొట్టులోంచి తీసి ఇవ్వడం. పద్ధతి మంచిది. అయితే దీన్ని ఎంచుకున్నవాళ్ళు ఒక అప్పు పత్రం రాసిచ్చినట్టే. ఆ అప్పు ఎంత ఉందో, ఎన్నాళ్ళలో తీర్చాల్సి వస్తుందో చూసుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషిని నియమించాల్సింది యజమాని. సర్వర్ అమ్మి వెళ్ళిన డీలరు మీదకు దీన్ని తోసేస్తే కుదరదు.

ఈ పద్ధతి పుట్టడానికి కారణం మనుషుల అలవాటే. ఏ శాఖవాళ్ళను అడిగినా కావలసిన దానికి రెట్టింపు జాగా చెబుతారు. మళ్ళీ వచ్చి అడిగితే దొరకదేమోనని వాళ్ళ భయం. అడిగినంతా విడివిడిగా కొలిచి ఇచ్చేస్తే ప్రతి డిస్కులోనూ బోలెడంత ఖాళీగా పడి ఉంటుంది, ఒకరి ఖాళీ ఇంకొకరికి అక్కరకు రాదు. 1999లో అమెరికాలో మొదలైన త్రీపార్ అనే కంపెనీ, రాసినప్పుడే జాగా ఇచ్చే స్టోరేజీ యంత్రాలు చేసి పేరు తెచ్చుకుంది. 2010లో ఆ కంపెనీ కోసం డెల్, హెచ్‌పీ పోటాపోటీగా ధర పెంచుకుంటూ పోయాయి. చివరికి హెచ్‌పీ 200 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. అంత విలువ కట్టించుకున్న ఆలోచన ఇవాళ లైనక్స్‌లో ఉచితంగా దొరుకుతోంది. బ్యాంకులు నడిచేదీ ఈ సూత్రం మీదే కదా అని ఎవరైనా అనవచ్చు. డిపాజిట్లు వేసినవాళ్ళందరూ ఒకే రోజు వచ్చి అడగరన్న నమ్మకంతోనే బ్యాంకు అప్పులిస్తుంది. నిజమే. కాని చేతిలో ఎంత నిల్వ ఉంచాలో బ్యాంకుకు రిజర్వు బ్యాంకు చెబుతుంది, పక్షానికోసారి లెక్క అడుగుతుంది, తగ్గితే జరిమానా వేస్తుంది. సర్వర్ గదిలో అలా అడిగేవాళ్ళు లేరు.

కొట్టు నిండినప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ అప్పు బరువు తెలుస్తుంది. లైనక్స్‌లో ఎల్‌వీఎం అనే ఏర్పాటుతో థిన్ పూల్ కట్టి, అందులో పూల్ కంటే పెద్ద డిస్కు అడిగామనుకోండి. అది కాదనదు. అడిగినంతా రాసిచ్చేసి, తెర మీద రెండు హెచ్చరికలు వేస్తుంది. మీరిచ్చిన డిస్కుల మొత్తం పూల్‌లో ఉన్నదాన్ని దాటిందనేది మొదటిది. పూల్ నిండిపోకుండా కాపాడే ఏర్పాటు మీరింకా చేసుకోలేదనేది రెండోది. సర్వర్ పెడుతున్న కుర్రాడికి సాయంత్రంలోగా ఇంకా మూడు పనులుంటాయి. ఆ రెండు వరుసలూ పైకి జరిగి కనుమరుగవుతాయి. తర్వాత పూల్ 80 శాతం దాటినప్పుడు, ఆపైన 85, 90, 95 దగ్గర మళ్ళీ చెబుతుంది. చెప్పేది సిస్టమ్ లాగ్‌లో. ఎవరూ తెరిచి చదవని చోట రాసిన హెచ్చరిక, ఊరి చివర వేసిన దండోరాతో సమానం. పూల్ పూర్తిగా నిండిన క్షణంలో, కొత్తగా రాయబోయిన పని ఉన్నచోటే నిలబడిపోతుంది. ఎవరైనా వచ్చి జాగా పెంచుతారేమోనని 60 సెకన్లు ఎదురుచూడడం దాని మామూలు పద్ధతి. ఆ నిమిషం గడిచాక, రాయడం కుదరదని వెనక్కి కొడుతుంది. లోపలున్న వర్చువల్ మిషన్‌కు ఈ గొడవేమీ తెలియదు. దాని లెక్కలో డిస్కు సగం ఖాళీగానే ఉంది. ఖాళీ ఉన్న డిస్కు రాయనివ్వకపోతే అది డిస్కు పాడైందనే అనుకుంటుంది. ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీలోకి వెళ్ళిపోతుంది, డేటాబేస్ చేస్తున్న పని మధ్యలో ఆగిపోతుంది. పైగా ఏ డిస్కులోని ఏ గడి పూల్‌లో ఎక్కడుందో గుర్తు పెట్టుకునే మెటాడేటాకు వేరే చిన్న జాగా ఉంటుంది. అది నిండితే, అసలు పూల్‌లో ఖాళీ ఉన్నా లాభం లేదు. రిపేరు చేసే పనిముట్లతో గంటల తరబడి కూర్చోవాల్సిందే.

ఇందులో అన్యాయం ఏమిటంటే, జాగా తినేది ఒకరు, దెబ్బ తినేది ఇంకొకరు. డిజైన్ విభాగంలో ఎవరో పాత డ్రాయింగుల ఫోల్డరును ఒకచోటి నుంచి ఇంకోచోటికి రెండుసార్లు కాపీ చేస్తే, ఆగిపోయేది ఇన్‌వాయిస్ వేస్తున్న ఈఆర్‌పీ కావచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. హోసూరులో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసే యూనిట్లలో చాలావాటికి ఆ గీత దాటడం పెద్ద విషయమేమీ కాదు. ఇన్‌వాయిస్ పుట్టనిదే బండి కదలదు. బండి కదలకపోతే అవతల అసెంబ్లీ లైను వాళ్ళ ఫోను మోగుతుంది. పూల్ విడివిడి గదుల ఇల్లు కాదు, ఒకే బావి. ఒకరు మోటారు పెట్టి తోడితే అందరి బొక్కెనలూ అడుగు తాకుతాయి.

ఈ మాట ఇప్పుడే గట్టిగా చెప్పడానికి కారణాలున్నాయి. వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ అనే కంపెనీ కొనుక్కుంది. మరుసటి నెలలోనే, ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి, చందా పద్ధతికి మార్చింది. ఆ ఖర్చు మోయలేని సంస్థలు ప్రపంచమంతటా ప్రత్యామ్నాయాలు వెతుక్కున్నాయి. చిన్న సంస్థలను ఎక్కువగా ఆకర్షించినవాటిలో ప్రాక్స్‌మాక్స్ ఒకటి. మంచి సాఫ్ట్‌వేర్, సందేహం లేదు. కాని దాన్ని మామూలు పద్ధతిలో ఎక్కిస్తే వర్చువల్ మిషన్ల డిస్కులు వెళ్ళేది ఎల్‌వీఎం థిన్ పూల్‌లోకే. అంటే యజమానికి థిన్ ప్రొవిజనింగ్ అనే పేరు కూడా తెలియకుండానే ఆ అప్పు పత్రం మీద సంతకం పడిపోతుంది. మరోపక్క, దాచుకోవలసిన సరుకును చట్టాలే పెంచుతున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీగా నమోదైన ప్రతి సంస్థ వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెప్పే ఎడిట్ లాగ్ ఆపడానికి వీల్లేకుండా నడవాలి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఏళ్ళు భద్రపరచాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఇవన్నీ సమంజసమైన నిబంధనలే. వాటి ఫలితం మాత్రం ఒకటే: పూల్‌లోకి వచ్చేది పెరిగింది, బయటికి పోయేది తగ్గింది. ఐదేళ్ళ కిందట లెక్కవేసి కొన్న డిస్కులకు ఈ బరువు తెలియదు.

పోనీ, పాతవి తుడిచేస్తే సరిపోతుంది కదా అంటారు. ఇంట్లో పాత సామాను బయట పడేస్తే గది ఖాళీ అవుతుంది. ఇక్కడ అలా జరగదు. వర్చువల్ మిషన్‌లో ఒక ఫైలు తుడిస్తే, దాని సూచికలో పేరు కొట్టేస్తారు, అంతే. ఆ గడులు ఇక అక్కరలేదన్న కబురు కింద ఉన్న పూల్ దాకా చేరాలి. ఆ కబురు పేరు ట్రిమ్. అది మధ్యలో ఉన్న ప్రతి అంచెనూ దాటాలి. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ పంపాలి, వర్చువల్ డిస్కు దాన్ని ముందుకు పోనివ్వాలి, పూల్ అందుకోవాలి. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు తయారుచేసేటప్పుడు, ఈ కబురును ముందుకు పోనిచ్చే డిస్కార్డ్ అనే చిన్న టిక్ గడి ఒకటి ఉంటుంది. మామూలుగా అది టిక్ పెట్టి ఉండదు. ఆ ఒక్క గడి వదిలేస్తే, లోపల ఎంత తుడిచినా పూల్‌కు ఒక్క బైటు కూడా తిరిగి రాదు. వీఎంవేర్‌లో సైతం ఈ పని దానంతటదే జరిగే ఏర్పాటు 2016లో 6.5 వెర్షన్‌తోనే వచ్చింది. అంతకుముందు ఎవరో ఒకరు కూర్చుని చేతితో ఆదేశం ఇవ్వాల్సి వచ్చేది. పాత అలవాట్లు కొన్ని ఇక్కడ నేరుగా హాని చేస్తాయి. వేగం పెరుగుతుందని డీఫ్రాగ్ నడిపితే గడులన్నీ కొత్త చోట్లకు మారి, ఎన్నడూ ముట్టుకోని జాగా కూడా వాడినట్టు లెక్కలోకి వస్తుంది. క్విక్ ఫార్మాట్ బదులు పూర్తి ఫార్మాట్ చేసినా అంతే. పూల్ నిండిపోయిందని తెలిసిన రాత్రి కంగారుగా ఫైళ్ళు తుడవడం మొదలుపెట్టేవాళ్ళకు, తుడవడం కూడా ఒక రాతేనని, దానికి కూడా జాగా కావాలని అప్పుడే తెలుస్తుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. నాలుగు టీబీల పూల్‌లో 2.8 టీబీ నిండిందనుకుందాం, అంటే 70 శాతం. మిగిలింది 1,200 జీబీ. రోజుకు 8 జీబీ చొప్పున కొత్త సమాచారం చేరుతుంటే 150 రోజులు వస్తుంది. నిశ్చింతగా ఉండవచ్చు. ఒక శనివారం ఈఆర్‌పీ కొత్త వెర్షన్ ఎక్కించే ముందు, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావచ్చని స్నాప్‌షాట్ తీశారు. పని బాగానే అయింది. స్నాప్‌షాట్ తీసేయడం మరిచిపోయారు. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం పాత గడి అలాగే ఉండాలి, కాబట్టి మార్చిన ప్రతి గడికీ మొదటిసారి కొత్త జాగా ఇవ్వాలి. డేటాబేస్ రోజూ తిరగరాసేది కొత్తగా వచ్చేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది రోజుకు 40 జీబీ అనుకున్నా, మొత్తం 48 అవుతుంది. 150 రోజుల నిశ్చింత 25 రోజులకు పడిపోయింది. తెర మీద మాత్రం నిన్న 70 శాతం, ఇవాళ 71 శాతం. ఎవరికీ ఏమీ అనిపించదు.

అందుకే 80 శాతం దగ్గర హెచ్చరిక పెట్టుకున్నాం కదా అన్న ధీమా సరిపోదని నేనంటాను. 80 శాతం దగ్గర ఈ పూల్‌లో మిగిలేది 800 జీబీ. మామూలు రోజుల్లో అది 100 రోజుల గడువు. స్నాప్‌షాట్ మరిచిపోయిన నెలలో అది 16 రోజులు. కొత్త డిస్కులకు కొటేషన్ తెప్పించి, యజమాని ఆమోదం తీసుకుని, ఆర్డరు పెట్టి, సరుకు వచ్చి, ఆదివారం చూసి బిగించేసరికి మూడు వారాలు పడుతుందనుకుంటే, ఒకే అంకె ఒక నెలలో తొందరపాటు హెచ్చరిక, ఇంకో నెలలో ఆలస్యమైన హెచ్చరిక. కొలవాల్సింది శాతాన్ని కాదు, మిగిలిన రోజులను. ఆ రోజులు సరుకు తెప్పించే గడువుకు రెట్టింపు కంటే తగ్గగానే యజమానికి ఫోను వెళ్ళాలి. కొనుగోలు విభాగం ఉక్కు కడ్డీల విషయంలో ఇదే చేస్తుంది. రోజుకు ఎంత వాడతాం, సరుకు రావడానికి ఎన్ని రోజులు, కాబట్టి ఎంత మిగిలినప్పుడు ఆర్డరు పెట్టాలి అని. స్టోర్స్‌లో చిన్న గుమాస్తాకు కూడా కొట్టినపిండి అయిన ఈ లెక్క సర్వర్ గది గుమ్మం ఎందుకు దాటలేదో నాకు అర్థం కాదు. స్నాప్‌షాట్ విషయంలో వీఎంవేర్ ఇచ్చే సలహా 72 గంటలకు మించి ఉంచవద్దని. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఆ సలహా పనికొస్తుంది.

సగటు లెక్కలు మోసం చేసే చోటు, హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాలో ఇంకొకటి ఉంది. ఈ జిల్లా తోతాపురి మామిడికి, మామిడి గుజ్జు పరిశ్రమలకు పేరుపడ్డది. గుజ్జు యూనిట్లకు పని ఏడాది పొడవునా సమానంగా ఉండదు. కాయ కోతకొచ్చిన ఆ కొద్ది నెలల్లోనే తూకాలు, బ్యాచ్ రికార్డులు, పరీక్షల ఫలితాలు, ఎగుమతి పత్రాలు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. మిగతా నెలల్లో సర్వర్ దాదాపు నిద్రలో ఉంటుంది. జనవరిలో కూర్చుని గడిచిన మూడు నెలల సగటు తీస్తే పూల్‌కు రెండేళ్ళ ఆయుష్షు కనిపించవచ్చు. సీజన్ మధ్యలో అది నిండిపోతే, కాయ ఆగదు, కుళ్ళిపోతుంది. విడిభాగాల యూనిట్లకు ఇలాంటి సీజన్ మార్చి నెల. ఏడాది ముగింపు లెక్కలు, దానికి ముందు తీసే అదనపు కాపీలు, ఆడిటర్ల కోసం తిరగదోడే పాత రికార్డులు. గత ఏడాది అత్యధికంగా పెరిగిన వారాన్ని ఆధారంగా పెట్టుకుని రోజుల లెక్క వేయాలి గాని, సగటును కాదు.

మన కళ్ళ ముందే ఉన్న ఒక కొలత ఈ పనికి చక్కని నమూనా. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయాన్ని నింపి, కిందికి వచ్చి కృష్ణగిరి డ్యాముకు చేరుతుంది. ఆ డ్యాము పూర్తి మట్టం 52 అడుగులు. దాని కింద సుమారు 9 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. ఆయకట్టు అన్నది ఒక మాట, ఒక హామీ. నీటి మట్టం అన్నది వాస్తవం. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపి చూసుకోవడానికి మట్టం ఎంతుందో, ఎగువ నుంచి ఎంత వస్తోందో, ఎంత వదులుతున్నారో కొలిచి రాసే అధికారులున్నారు. మట్టం చాలకపోతే ఏ కాలువకు ముందు, ఏ పంటకు తర్వాత అన్న నిర్ణయం ముందే జరుగుతుంది. ఆయకట్టు కాగితం చూపించి నీళ్ళున్నాయని ఏ రైతూ నమ్మడు. సర్వర్ విషయంలో మాత్రం డిస్కు పరిమాణం తెర మీద కనిపిస్తే చాలు, చదువుకున్నవాళ్ళం నమ్మేస్తున్నాం.

ఇదంతా చిన్న సంస్థల గొడవ, పెద్దవాళ్ళకు ఇలాంటివి జరగవు అనుకునేవాళ్ళు 2023 ఆగస్టు 29ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు జపాన్‌లో టొయోటా 14 కార్ఖానాల్లోని 28 అసెంబ్లీ లైన్లు నిలిచిపోయాయి. విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లు పనిచేయలేదు. తర్వాత ఆ కంపెనీయే కారణం ప్రకటించింది. ఆగస్టు 27న జరిగిన నిర్వహణ పనిలో డేటాబేస్‌లో పేరుకున్న సమాచారాన్ని తుడిచి సర్దుతుండగా డిస్కు జాగా చాలలేదు. బ్యాకప్ సర్వర్లు కూడా అదే వ్యవస్థ మీద ఉండడంతో వాటిలోనూ అదే తప్పు దొర్లింది, వాటికి మారడం కుదరలేదు. పెద్ద సామర్థ్యం ఉన్న సర్వర్‌కు సమాచారం మార్చాకే పని మొదలైంది. అది థిన్ ప్రొవిజనింగ్ వల్లే జరిగిందని నేను అనడం లేదు, టొయోటా కూడా అనలేదు. నేను ఎత్తిచూపేది వేరు. సర్దే పనికే అదనపు జాగా కావాలి, ఆ జాగా లేకపోతే సర్దబోయిన చెయ్యే ఇరుక్కుంటుంది. రెండో సర్వర్‌కూ అదే కొలత ఉంటే అది రెండో ఆధారం కాదు, అదే తప్పుకు రెండో కాపీ. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ వంటి సంస్థల చుట్టూ అల్లుకున్న హోసూరు పరిశ్రమ కూడా రోజువారీ షెడ్యూళ్ళ మీదే బతుకుతుంది. టొయోటా ఒక్కరోజులో తేరుకుంది. పాతిక మందితో నడిచే యూనిట్‌కు ఆ శక్తి ఉండదు.

ఇన్ని తిప్పలెందుకు, ఎవరి డిస్కు వాళ్ళకు పూర్తిగా కొలిచి ఇచ్చేస్తే పోదా అన్నది బలమైన అభ్యంతరమే. కొంతవరకు ఒప్పుకుంటాను. ట్యాలీ, ఈఆర్‌పీ డేటాబేస్ ఉన్న డిస్కులకు పూల్ బయట విడిగా పూర్తి జాగా ఇవ్వడమే తెలివైన పని. అవి పరిమాణంలో చిన్నవి, ఆగితే నష్టం పెద్దది. డ్రాయింగులు, పాత రికార్డులు, పరీక్ష కోసం పెట్టుకున్న మిషన్లు థిన్‌లో ఉండవచ్చు. కాని పూర్తి కేటాయింపు అన్ని జబ్బులకూ మందు కాదు. పూర్తిగా ఇచ్చిన డిస్కు మీద కూడా స్నాప్‌షాట్ తీస్తే అది పెరుగుతూనే పోతుంది. లోపల డేటాబేస్ లాగ్ ఉబ్బితే ఆ డిస్కు తన మేరకు నిండనే నిండుతుంది. డిస్కులు పెద్దవి కొనేద్దాం అనేవాళ్ళకు నా జవాబు, కొనండి, కాని కొన్న మరునాడే కొత్త మిషన్లు పుట్టుకొస్తాయి. ఖాళీ కనిపిస్తే హామీ పెరుగుతుంది. పూల్ దానంతటదే పెరిగేలా పెట్టుకోవచ్చు కదా అంటారు. ఎల్‌వీఎంలో ఆ సదుపాయం ఉంది, మామూలుగా ఆపి ఉంటుంది, ఆన్ చేయాలి. అయితే పెరగడానికి వెనక ఖాళీ ఉండాలి. ప్రాక్స్‌మాక్స్‌ను యథాతథంగా ఎక్కిస్తే దాదాపు డిస్కంతా తీసేసుకుని 16 జీబీ దాకా మాత్రమే పక్కన వదులుతుంది. రోజుకు 48 జీబీ చొప్పున తినే నెలలో అది ఒక పూట తిండి.

క్లౌడ్‌కు వెళ్ళిపోతే ఈ బెడద ఉండదన్న మాట సగం నిజం. అమెజాన్ క్లౌడ్‌లో డిస్కు తీసుకుంటే మీరు వాడినదానికి కాదు, ఇంత కావాలని చెప్పినదానికి అద్దె పడుతుంది. అంటే ఉమ్మడి కొట్టును కాపలా కాసే పని వాళ్ళది, దానికి మీరు ప్రతి నెలా కట్టేది కాపలా జీతం కూడా. అది న్యాయమైన బేరమే, కుదిరినవాళ్ళు చేసుకోవచ్చు. కాని షాప్‌ఫ్లోర్ యంత్రాలతో నేరుగా మాట్లాడే సర్వర్‌ను ఇంటర్నెట్ తీగ మీద వేలాడదీయడానికి చాలా యూనిట్లు సిద్ధంగా లేవు, వాళ్ళ సంకోచంలో అర్థముంది. ఇక ఐదేళ్ళుగా నడుస్తోంది, ఏమీ కాలేదు కదా అన్నది అన్నింటికంటే ప్రమాదకరమైన మాట. బేరింగు అరిగితే శబ్దం వస్తుంది, మోటారు వేడెక్కితే వాసన వస్తుంది. థిన్ పూల్ 99 శాతం నిండినప్పుడు కూడా నిన్నటి వేగంతోనే పనిచేస్తుంది. చెవికీ ముక్కుకూ ముందస్తు సూచన ఇవ్వని యంత్రాన్ని అనుభవంతో అంచనా వేయలేం, కొలతతోనే వేయాలి.

కొలవడానికి మనిషెవరు అన్నది చిన్న యూనిట్ల అసలు ఇబ్బంది. జీతమిచ్చి సిస్టమ్ ఇంజినీరును పెట్టుకునే స్తోమత అందరికీ లేదు. కాని ఈ పనికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదు. వారానికోసారి మూడు అంకెలు ఒక పుస్తకంలో రాస్తే చాలు: ఉన్నది ఎంత, నిండింది ఎంత, మాటిచ్చింది ఎంత. గత వారం అంకె పక్కనే ఉంటే మిగిలిన రోజుల లెక్క పదో తరగతి చదివిన పిల్లలు కూడా వేస్తారు. హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల్లో ఐటీఐ, డిప్లొమా చేసి ఈ పరిశ్రమల్లోనే పనికి కుదిరిన తెలుగు కుర్రాళ్ళున్నారు. వాళ్ళకు ఆ పుస్తకం తెలుగులో ఉన్నా, తమిళంలో ఉన్నా ఇబ్బంది లేదు. సిస్టమ్ లాగ్‌లో ఇంగ్లీషులో పడే హెచ్చరిక కంటే అది వెయ్యి రెట్లు మేలు. అయితే రాసే కుర్రాడికి ఒక అధికారం కూడా ఇవ్వాలి. రోజులు తగ్గాయని అతను చెప్పినప్పుడు, కొత్త వర్చువల్ మిషన్ అడిగిన మేనేజరుకు ఇప్పుడు కుదరదని చెప్పే అధికారం. అది యజమాని ఇవ్వకపోతే అతనికి ఇంకెవరూ ఇవ్వరు. హోసూరు చిన్న, అతి చిన్న పరిశ్రమల సంఘం హోస్టియా వంటి సంస్థలు తలుచుకుంటే, పది ఇరవై యూనిట్లు కలిసి ఒక మనిషిని పెట్టుకుని ఈ అంకెలను ఒకేచోట చూడవచ్చు. కాలుష్య జలాల శుద్ధికి ఉమ్మడి ప్లాంట్లు కట్టుకున్న పరిశ్రమలకు ఉమ్మడి కాపలా కొత్త సంగతేమీ కాదు. సర్వర్ అమ్మే డీలర్లను కూడా ఒక్క కాగితం అడగాలి. బిల్లుతో పాటు, డిస్కులు థిన్‌గా ఇచ్చారా, డిస్కార్డ్ పెట్టారా, హెచ్చరిక ఏ ఫోనుకు వెళ్తుంది అని రాసి సంతకం పెట్టిన కాగితం. అది ఇవ్వలేనివాళ్ళ దగ్గర సర్వర్ కొనవద్దు.

సర్వర్ ఉన్న ప్రతి యజమానికీ నా విన్నపం ఒక్కటే. వచ్చే సోమవారం ఉదయం, ప్రొడక్షన్ మీటింగుకు ముందు, ఆ గది చూసుకునే మనిషిని పిలిచి ఆ మూడు అంకెలు అడగండి. వెంటనే చెప్పలేకపోతే కోప్పడకండి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. సాయంత్రంలోగా తెమ్మనండి. స్నాప్‌షాట్లు ఏవైనా ఉన్నాయేమో, ఎప్పటివో కూడా చూడమనండి.